'టార్గెట్ ఈజ్ బిజీ': డిస్క్‌ను వదలమంటే కంప్యూటర్ ఎందుకు మొండికేస్తుంది? పట్టుకున్నది ఎవరో తెలుసుకోవడం ఎలా?

రాత్రి పదిన్నర. తెల్లవారుజామునే దుర్గ్ స్టేషన్‌లో విశాఖపట్నం వందే భారత్ ఎక్కాలి. ఊళ్లో బంధువులకు ఇవ్వాల్సిన పెళ్లి వీడియోలు, పాత ఫొటోల స్కాన్లు అన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించేశారు. ఇక డిస్క్ తీసి బ్యాగులో పెట్టుకోవడమే మిగిలింది. కానీ, ల్యాప్‌టాప్ ఒప్పుకోవడం లేదు. 'టార్గెట్ ఈజ్ బిజీ' అంటోంది. తెరిచిన విండోలన్నీ మూసేసినా అదే మాట.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు నగరంలో, మరోదా సెక్టార్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబానికి ఇలాంటి రాత్రి ఎదురైందని అనుకుందాం. ఇంజినీరింగ్ చదువుతున్న అమ్మాయి లినక్స్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. "వైరు పీకేయవే, ఏమవుతుంది?" అంటుంది వాళ్లమ్మ. "లోపల ఎవరున్నారో చూడకుండా పీకేస్తారేటమ్మా?" అంటారు ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన తాతయ్య.

తాతయ్యకు లినక్స్ తెలియదు. అయినా ఆయన అడిగిందే ఇక్కడ అసలు ప్రశ్న. డిస్క్‌ను కంప్యూటర్ ఎందుకు వదలడం లేదు అన్నది కాదు, ఎవరు పట్టుకుని ఉన్నారు అన్నది.

ఇది ఇంట్లో పెన్‌డ్రైవ్‌తో ఆగే సమస్య కాదు. దేశంలోని చాలా ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకుల సర్వర్లు లినక్స్ మీద నడుస్తున్నాయి. సుప్రీంకోర్టు ఈ-కమిటీ జిల్లా కోర్టుల కోసం ఉబుంటు లినక్స్‌నే ఎంచుకుంది. బ్యాకప్ డిస్క్ మార్చాలన్నా, నిండిపోయిన స్టోరేజీ స్థానంలో కొత్తది పెట్టాలన్నా, దెబ్బతిన్న ఫైల్ సిస్టమ్‌ను సరిచేయాలన్నా ముందు దాన్ని 'అన్‌మౌంట్' చేయాలి. అక్కడే ఈ మొండికేత ఎదురవుతుంది.

అసలు మౌంట్ చేయడం అంటే ఏంటి?

విండోస్‌లో డిస్క్ పెట్టగానే 'డి', 'ఇ' అంటూ కొత్త అక్షరం వస్తుంది. లినక్స్‌లో, దాని పూర్వీకురాలైన యూనిక్స్‌లో ఆ పద్ధతి లేదు. అక్కడ ఉండేది ఒకటే చెట్టు. కొత్త డిస్క్‌ను ఆ చెట్టులో ఏదో ఒక కొమ్మకు అంటు కడతారు. అదే మౌంట్. అప్పటి నుంచి ఆ ఫోల్డర్‌లోకి వెళ్తే ఆ డిస్క్‌లోకి వెళ్లినట్టే. ఆ అంటును విప్పడమే అన్‌మౌంట్.

మాట పాతది. ఒకప్పుడు టేపు చుట్టలను, పళ్లేల్లాంటి డిస్క్ ప్యాక్‌లను ఆపరేటర్లు చేత్తో మోసుకొచ్చి యంత్రానికి బిగించేవారు. ఆ బిగింపునే మౌంటింగ్ అనేవారు. 1971 నవంబర్ 3 తేదీతో వచ్చిన తొలి యూనిక్స్ మాన్యువల్‌లోనే మౌంట్, యూమౌంట్ అనే ఆదేశాలు రెండూ ఉన్నాయి. రెండో దాని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో 'యు' తర్వాత రావాల్సిన 'ఎన్' లేదు. యాభై ఏళ్లు దాటినా ఎవరూ దాన్ని పెట్టలేదు. కొత్తగా నేర్చుకునేవారు మొదటిసారి తప్పకుండా తప్పు టైప్ చేసే ఆదేశం ఇదేనేమో.

ఆ డిస్క్‌లో ఫైళ్లు ఇంకా వాడకంలో ఉంటే విప్పడం కుదరదన్న నియమం కూడా 1970ల తొలినాళ్ల మాన్యువల్స్‌లోనే కనిపిస్తుంది. అంటే ఇది ఇవాళ్టి లోపం కాదు, మొదటి నుంచీ పెట్టుకున్న కట్టుబాటు.

లెక్క ఉంటుంది, పేర్లుండవు

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నల్ అంటారు. మౌంట్ చేసిన ప్రతి ఫైల్ సిస్టమ్‌కూ అది ఒక లెక్క పెట్టుకుంటుంది. ఒక ప్రోగ్రామ్ ఆ డిస్క్‌లోని ఫైల్ తెరిస్తే లెక్క పెరుగుతుంది. మూస్తే తగ్గుతుంది. ఫైల్ ఏదీ తెరవకుండా, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి ఊరికే కూర్చున్నా లెక్క పెరుగుతుంది. యూమౌంట్ అని ఆదేశమిచ్చినప్పుడు కెర్నల్ ఆ లెక్క చూస్తుంది. ఎవరైనా మిగిలి ఉంటే 16వ నంబరు ఎర్రర్‌తో వెనక్కి పంపేస్తుంది. ఆ ఎర్రర్‌ పేరే 'ఈ-బిజీ'. తెర మీద మనకు 'టార్గెట్ ఈజ్ బిజీ' అని కనిపించేది దాని వివరణే.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. కెర్నల్ దగ్గర ఉన్నది సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యలో ఎవరెవరున్నారో అది రాసి పెట్టుకోదు. అందుకే 'బిజీ' అంటుందే తప్ప 'ఫలానా ప్రోగ్రామ్ వల్ల బిజీ' అని చెప్పదు.

ఉక్కు కర్మాగారంలో పద్ధతి ఇందుకు భిన్నం. కన్వేయర్‌ మీదో, క్రేన్‌ మీదో మరమ్మతుకు దిగే ముందు షట్‌డౌన్ తీసుకుంటారు. కరెంటు ఆపి, పనికి దిగే ప్రతి ఒక్కరూ స్విచ్ దగ్గర తమ పేరున్న ట్యాగ్ తగిలిస్తారు, లేదా సొంత తాళం వేస్తారు. ఎవరి తాళం వాళ్లే తీయాలి. ఆఖరి తాళం తీసేదాకా స్విచ్ వేయడానికి లేదు. ఎవరు ఇంకా లోపల ఉన్నారో తెలుసుకోవాలంటే ట్యాగ్ మీద పేరు చదివితే చాలు.

మరోదా లాంటి చోట ఈ సంగతి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించుకున్న ప్లాంట్ అది. మరోదా జలాశయం నీళ్లు దాని కోసమే. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పనికోసం వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో రెండు, మూడు తరాలు షిఫ్టుల సైరన్ మధ్యే పెరిగాయి. ప్రమాదం అంటే ఏంటో కూడా వాళ్లకు తెలుసు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైన్ దగ్గర మరమ్మతు పని జరుగుతుండగా మంటలు చెలరేగి పదిమందికి పైగా మరణించారు. అక్కడి ప్రాణాలనూ ఇక్కడి ఫొటోలనూ ఒకే తక్కెడలో పెట్టలేం. కానీ, 'లోపల ఎవరైనా ఉన్నారా' అని అడగనిదే ముందుకెళ్లకూడదన్న నియమం రెండు చోట్లా ఒకటే. తేడా అల్లా కెర్నల్ దగ్గర ట్యాగుల మీద పేర్లుండవు. మనమే వెతుక్కోవాలి.

నిరాకరణా, ఆలస్యమా?

వెతికే ముందు ఒకటి తేల్చుకోవాలి. యూమౌంట్ వెంటనే 'బిజీ' అని తిరస్కరించిందా? లేక ఏమీ అనకుండా అలా ఆగిపోయిందా? ఈ రెండూ వేర్వేరు సమస్యలు.

ఆగిపోతే చాలాసార్లు అది పనిలో ఉన్నట్టే లెక్క. లినక్స్‌లో ఫైల్ కాపీ చేసినప్పుడు డేటా ముందు మెమరీలోకి వెళ్తుంది. డిస్క్‌కు చేరేది తర్వాత. సాధారణ సెట్టింగుల్లో ఇలా రాయాల్సి ఉన్న డేటా 30 సెకన్ల వరకూ మెమరీలోనే ఎదురుచూడొచ్చు. అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం దాకా అది పేరుకోవచ్చు. 10 జీబీ మెమరీ ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్‌లో అది 2 జీబీ అవుతుంది. సెకనుకు 20 ఎంబీ వేగంతో రాసుకునే మామూలు పెన్‌డ్రైవ్‌కు ఆ 2 జీబీ చేరడానికి 100 సెకన్లు పడుతుంది. అంటే తెర మీద కాపీ 100 శాతం అయిపోయిందని కనిపించాక కూడా నిమిషానికి పైగా అసలు పని సాగుతూనే ఉంటుంది.

పెన్‌డ్రైవ్‌లు పీకేసి, "ఫైల్ ఎక్కింది కానీ తెరుచుకోవట్లేదు" అని వాపోయేవాళ్లలో చాలామంది దెబ్బతినేది ఈ నిమిషంలోనే.

'సింక్' అనే ఆదేశం ఇస్తే మెమరీలో మిగిలినదంతా డిస్క్‌కు చేరుతుంది. ఎంత మిగిలిందో చూడాలంటే 'ప్రాక్' ఫోల్డర్‌లో 'మెమ్‌ఇన్ఫో' అనే ఫైల్ ఉంటుంది. అందులో 'డర్టీ', 'రైట్‌బ్యాక్' అనే రెండు వరుసల్లో సంఖ్యలు తగ్గుతూ వస్తుంటే ఓపిక పట్టడమే పరిష్కారం.

వెంటనే 'బిజీ' అని వస్తే మాత్రం ఓపికతో పని జరగదు.

ఇల్లిల్లూ తిరిగే ఇద్దరు

కెర్నల్ దగ్గర పేర్లు లేకపోయినా, నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కూ ప్రాక్ ఫోల్డర్‌లో ఒక నంబరుతో ఇల్లు ఉంటుంది. అది ఏయే ఫైళ్లు తెరిచింది, ఏ ఫోల్డర్‌లో కూర్చుంది, ఏ ఫైల్‌ను మెమరీలోకి లాక్కుంది అన్నీ ఆ ఇంట్లో కనిపిస్తాయి. జనాభా లెక్కల ఎన్యూమరేటర్‌లా ఒక్కో ఇల్లూ తట్టి, "మీ దగ్గర ఈ డిస్క్‌కు సంబంధించింది ఏమైనా ఉందా?" అని అడగడమే మార్గం. ఆ పని చేసే పరికరాలు ప్రధానంగా రెండు.

ఒకటి, ఎఫ్-యు-ఎస్-ఇ-ఆర్ అనే అక్షరాలతో రాసే 'ఫ్యూజర్'. రెండోది ఎల్-ఎస్-ఓ-ఎఫ్. 'తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా' అని దాని అర్థం. అమెరికాలోని పర్‌డ్యూ యూనివర్సిటీలో పనిచేసిన విక్ ఏబెల్ దీన్ని రూపొందించారు.

ఫ్యూజర్‌కు 'మైనస్ వి', 'మైనస్ ఎం' అనే రెండు ఆప్షన్లతో డిస్క్ మౌంట్ అయిన ఫోల్డర్ పేరిస్తే, దాన్ని పట్టుకున్న ప్రోగ్రాములను వాటి నంబర్లతో సహా చూపిస్తుంది. పక్కనే ఒక అక్షరం ఉంటుంది. 'సి' అంటే ఆ ప్రోగ్రామ్ ఈ డిస్క్‌లోని ఫోల్డర్‌లో కూర్చుని ఉందని. చిన్న 'ఎఫ్' అంటే ఫైల్ తెరిచి ఉందని, పెద్ద 'ఎఫ్' అంటే రాయడానికి తెరిచిందని. 'ఇ' అంటే ఆ డిస్క్‌లోని ప్రోగ్రామే నడుస్తోందని. 'ఎం' అంటే ఫైల్‌ను మెమరీలోకి మ్యాప్ చేసుకుందని. ఈ ఐదింటిలో జాగ్రత్తగా చూడాల్సింది పెద్ద 'ఎఫ్'నే. అది ఉంటే ఎవరో ఇంకా రాస్తున్నారు, లేదా రాయబోతున్నారు.

జాబితాలో 'కెర్నల్ మౌంట్' అనే వరుస కూడా కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడక్కర్లేదు. ఆ డిస్క్ మౌంట్ అయి ఉందని చెప్పడమే దాని పని. దోషి అది కాదు.

మరోదా ఇంటికి వస్తే, ఆ అమ్మాయి ఫ్యూజర్ నడిపినప్పుడు రెండు పేర్లు వచ్చాయనుకుందాం. మొదటిది 'బ్యాష్', పక్కన 'సి'. అంటే ఆమె ఇందాక కాపీ చేయడానికి వాడిన టెర్మినల్ విండోనే ఇంకా డిస్క్‌లోని ఫోల్డర్‌లో కూర్చుని ఉంది. ఇది అన్నిటికంటే మామూలుగా జరిగేది. తాను కూర్చున్న కొమ్మను తానే నరకబోతున్నానని చాలామందికి తట్టదు. టెర్మినల్‌లో 'సీడీ' అని కొట్టి తన సొంత ఫోల్డర్‌కు వెళ్లిపోతే చాలు. రెండోది వీడియో ప్లేయర్, పక్కన చిన్న 'ఎఫ్'. విండో మూసినా ప్రోగ్రామ్ వెనకాల నడుస్తూనే ఉంది. దాన్ని పూర్తిగా ఆపేయాలి.

అమ్మాయి రెండూ చేసింది. మళ్లీ యూమౌంట్. మళ్లీ 'బిజీ'. ఈసారి ఫ్యూజర్ జాబితాలో ప్రోగ్రామ్ ఒక్కటీ లేదు.

ఎవరూ కనిపించకపోతే?

ఎక్కువమంది విసిగిపోయి వైరు పీకేసేది ఇక్కడే. నిజానికి సమస్యలో ఆసక్తికరమైన భాగం కూడా ఇదే.

మొదట అనుమానించాల్సింది అనుమతుల్ని. మామూలు యూజర్‌గా ఫ్యూజర్ నడిపితే మీ ప్రోగ్రాముల ఇళ్లే తలుపు తీస్తాయి. ఇతరులవి, సిస్టమ్ సేవలవి తీయవు. ముందు 'సుడో' చేర్చి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే అప్పటిదాకా కనిపించని పేర్లు బయటపడొచ్చు. ఫొటోల చిన్న బొమ్మలు తయారుచేసే ప్రోగ్రామ్, ఫైళ్లను వెతుకులాట కోసం ఇండెక్స్ చేసే సేవ, నెట్‌వర్క్‌లో ఫోల్డర్‌ను పంచే సాంబా సర్వర్, ఎప్పుడో తెరిచి మరిచిపోయిన రిమోట్ లాగిన్... ఇలా చాలా ఉండొచ్చు.

డిలీట్ చేసిన ఫైల్ కూడా డిస్క్‌ను పట్టుకోగలదు. లినక్స్‌లో ఫైల్‌ను డిలీట్ చేస్తే పోయేది దాని పేరే. ఏదైనా ప్రోగ్రామ్ దాన్ని తెరిచి ఉంచినంతకాలం ఫైల్ బతికే ఉంటుంది. పేరు లేదు కాబట్టి ఫోల్డర్‌లో ఎంత వెతికినా దొరకదు. ఎల్-ఎస్-ఓ-ఎఫ్ జాబితాలో మాత్రం పక్కన 'డిలీటెడ్' అన్న ముద్రతో కనిపిస్తుంది. సర్వర్లలో లాగ్ ఫైళ్లు తీసేసినా డిస్క్‌లో ఖాళీ పెరగకపోవడానికి కారణం కూడా చాలాసార్లు ఇదే.

సుడోతో చూసినా ఎవరూ లేరంటే, పట్టుకున్నది ప్రోగ్రామ్ కాదు, కెర్నలే. ఫ్యూజర్, ఎల్-ఎస్-ఓ-ఎఫ్ ప్రధానంగా వెతికేది ప్రోగ్రాముల ఇళ్లలో. కెర్నల్ తన కోసం తాను పట్టుకున్న ఫైల్ ఏ ప్రోగ్రామ్ ఇంట్లోనూ ఉండదు. ఎన్యూమరేటర్ ఊరంతా తిరిగినా పంచాయతీ ఆఫీసులో పడుకున్న మనిషి లెక్కకు రానట్టే.

ఇలాంటి సందర్భాల్లో మొదటిది మౌంట్ మీద మౌంట్. ఈ డిస్క్‌లోని ఏదో ఫోల్డర్‌కు ఇంకో డిస్క్‌ను అంటు కట్టి ఉంటే, పైది విప్పనిదే కిందిది రాదు. 'ఫైండ్‌మౌంట్' అనే ఆదేశం ఈ మొత్తం చెట్టును గీసి చూపిస్తుంది. ఇంగ్లిష్‌లో దాన్ని రాసేటప్పుడు చివర 'ఎంఎన్‌టీ' అని ముగించాలి.

రెండోది స్వాప్ ఫైల్. మెమరీ చాలనప్పుడు వాడుకోవడానికి ఎవరైనా ఆ డిస్క్‌లో స్వాప్ ఫైల్ పెట్టి ఉంటే, 'స్వాప్‌ఆఫ్' చేసేదాకా కెర్నల్ దాన్ని వదలదు. మూడోది, ఆ ఫోల్డర్‌ను ఎన్‌ఎఫ్ఎస్ పద్ధతిలో ఇతర కంప్యూటర్లకు పంచి ఉండటం. ఆ సర్వర్ కెర్నల్‌లోనే నడుస్తుంది. పంచడం ఆపాకే డిస్క్ చేతికొస్తుంది.

నాలుగోది లూప్ పరికరం. మరోదా అమ్మాయిని ఇబ్బంది పెట్టింది ఇదేననుకోవచ్చు. పాత పెళ్లి డీవీడీని ఎవరో ఒకే పెద్ద ఐఎస్ఓ ఫైల్‌గా మార్చి అదే హార్డ్ డిస్క్‌లో పెట్టారు. సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఆమె దాని మీద డబుల్ క్లిక్ చేసింది. డెస్క్‌టాప్ ఆ ఫైల్‌ను ఒక బొమ్మ డీవీడీలా మార్చి, వేరే చోట మౌంట్ చేసింది. వీడియో చూసి ప్లేయర్ మూసేసింది కానీ, బొమ్మ డీవీడీ అలాగే ఉండిపోయింది. దాని వేర్లు హార్డ్ డిస్క్‌లోని ఐఎస్ఓ ఫైల్‌లో ఉన్నాయి. ఆ ఫైల్‌ను పట్టుకున్నది కెర్నల్‌లోని లూప్ డ్రైవర్. 'లోసెటప్' అనే ఆదేశాన్ని 'మైనస్ ఏ' ఆప్షన్‌తో ఇస్తే ఏ లూప్ పరికరం వెనక ఏ ఫైల్ ఉందో వరుసగా చెబుతుంది. బొమ్మ డీవీడీని ముందు తీసేస్తే, హార్డ్ డిస్క్ మొదటి మాటకే వదిలేస్తుంది.

సర్వర్లలో పనిచేసేవారికి ఇంకో చిక్కు ఉంది. డాకర్ లాంటి కంటైనర్లు వచ్చాక, ఒకే యంత్రంలో ఒక్కో కంటైనర్‌కూ తనదైన మౌంట్ల జాబితా ఉంటోంది. దీన్నే మౌంట్ నేమ్‌స్పేస్ అంటారు. మీ జాబితాలోంచి డిస్క్ తీసేస్తే యూమౌంట్ ఒప్పుకుంటుంది, జాబితా ఖాళీగానే కనిపిస్తుంది. కానీ డిస్క్‌ను ఫార్మాట్ చేయబోతేనో, ఎన్‌క్రిప్షన్ మూయబోతేనో 'ఇంకా వాడకంలో ఉంది' అంటుంది. ఎక్కడో ఒక కంటైనర్ జాబితాలో దాని నకలు మిగిలిపోయి ఉంటుంది. ప్రాక్‌లో ప్రతి ప్రోగ్రామ్ ఇంట్లోనూ 'మౌంట్‌ఇన్ఫో' అనే ఫైల్ ఉంటుంది. వాటన్నింటిలో ఆ డిస్క్ పేరు కోసం గాలిస్తే ఏ కంటైనర్ దగ్గర ఉందో తెలుస్తుంది. అనుభవం ఉన్న అడ్మినిస్ట్రేటర్ల చేత కూడా గంటలు గంటలు తల గోక్కునేలా చేసే రకం ఇదే.

బలవంతంగా తీస్తే?

ఇంటర్నెట్‌లో ఈ సమస్యకు అందరికంటే ముందు దొరికే సలహా 'మైనస్ ఎల్' పెట్టమని. ఈ ఆప్షన్‌తో యూమౌంట్ ఎప్పుడూ కాదనదు. అందుకే దానికంత పేరు. అందుకే దాన్ని అంత తేలిగ్గా నమ్మకూడదు కూడా.

'ఎల్' అంటే లేజీ. 2001లో 2.4.11 కెర్నల్‌తో లినక్స్‌లోకి వచ్చింది. అది చేసేది విప్పడం కాదు, కనపడకుండా చేయడం. ఫోల్డర్ చెట్టులోంచి డిస్క్ మాయమవుతుంది. కొత్తవాళ్లెవరూ లోపలికి వెళ్లలేరు. కానీ అప్పటికే లోపల ఉన్నవాళ్లు వాళ్ల పని చేసుకుంటూనే ఉంటారు. ఆఖరి ప్రోగ్రామ్ బయటికొచ్చాకే అసలైన అన్‌మౌంట్ జరుగుతుంది. అది ఎప్పుడు జరిగిందో మీకెవరూ చెప్పరు. పైగా చెట్టులో ఆ దారే లేకుండా పోయింది కాబట్టి, మౌంట్ ఫోల్డర్ పేరిచ్చి ఫ్యూజర్‌తో వెతికే వీలు కూడా పోతుంది. ప్లాంట్ భాషలో చెప్పాలంటే, లోపల మనుషులుండగానే ట్యాగ్ బోర్డు తీసి మూల పడేయడం లాంటిది.

దీనికీ ఒక చోటుంది. అవతలి ఎన్‌ఎఫ్ఎస్ సర్వర్ చచ్చిపోయి, దాని మౌంట్‌ను ముట్టుకున్న ప్రతి ప్రోగ్రామూ బిగుసుకుపోతున్నప్పుడు లేజీ ఆప్షన్ ఆదుకుంటుంది. 'మైనస్ ఎఫ్' అనే బలప్రయోగం ఆప్షన్ కూడా ప్రధానంగా అలాంటి నెట్‌వర్క్ మౌంట్ల కోసమే. రేపు చేత్తో పట్టుకెళ్లాల్సిన హార్డ్ డిస్క్‌కు ఈ రెండూ మందు కావు.

ఇంకో మోటు పద్ధతి, ఫ్యూజర్‌కు 'మైనస్ కె' పెట్టి పట్టుకున్న వాళ్లందర్నీ చంపేయడం. విడిగా చెప్పకపోతే ఇది పంపేది 'సిగ్‌కిల్'. అంటే ఫైల్ సేవ్ చేసుకునే అవకాశం కూడా ఇవ్వని సంకేతం. అవతల ఉన్నది వీడియో ప్లేయర్ అయితే పర్లేదు. డేటాబేస్ అయితే తెల్లారి ఆఫీసులో జవాబు చెప్పుకోవాలి. ముందు ఆ సేవను మర్యాదగా ఆపి చూడాలి. కుదరకపోతే 'సిగ్‌టెర్మ్' పంపాలి. అప్పటికీ కదలకపోతేనే సిగ్‌కిల్ సంగతి.

ఇందులో ఇంకో ప్రమాదం దాగి ఉంది. 'మైనస్ ఎం' ఆప్షన్‌కు ఇచ్చిన ఫోల్డర్ నిజంగా మౌంట్ అయినది కాకపోతే, ఆ ఫోల్డర్ ఏ ఫైల్ సిస్టమ్‌లో ఉందో దాన్నంతా లెక్కలోకి తీసుకుంటుంది. అంటే ఒక్క అక్షరం తప్పు పడినా, లేక డిస్క్ అప్పటికే అన్‌మౌంట్ అయిపోయి ఖాళీ ఫోల్డర్ మిగిలినా, కంప్యూటర్ మూల డిస్క్‌ను వాడుతున్న ప్రోగ్రాములన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. దీన్ని ఆపడానికే పెద్ద 'ఎం' ఆప్షన్ ఉంది. ఇచ్చింది మౌంట్ పాయింట్ కాకపోతే అది పని చేయదు. ఫ్యూజర్ మాన్యువలే దాన్ని సీటు బెల్టుతో పోల్చింది. 'మైనస్ కె' వాడాల్సి వస్తే పెద్ద 'ఎం' లేకుండా వాడకపోవడం మంచిది.

చంపినా చావని ప్రోగ్రాములూ ఉంటాయి. పాడవుతున్న డిస్క్ నుంచో, అందని సర్వర్ నుంచో జవాబు కోసం కెర్నల్‌లో ఎదురుచూస్తున్న ప్రోగ్రామ్‌ను ప్రాసెస్‌ల జాబితాలో 'డి' అనే అక్షరంతో చూపిస్తారు. చాలాసార్లు సిగ్‌కిల్ కూడా దానికి తగలదు. అక్కడ సరిచేయాల్సింది ప్రోగ్రామ్‌ను కాదు, అవతల ఉన్న డిస్క్‌ను, లేదా నెట్‌వర్క్‌ను.

అమ్మ అన్నట్టు వైరు పీకేస్తే? ఏమీ కాకపోవచ్చు కూడా. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్-4 ఫైల్ సిస్టమ్‌కు జర్నల్ అనే చిట్టా ఉంటుంది. చేయబోయే మార్పును ముందు అందులో రాసుకుంటుంది కాబట్టి, మధ్యలో ఆగినా ఫోల్డర్ల కట్టు చెదరదు. మెమరీలో ఆగిపోయిన ఫైల్ మాత్రం పోయినట్టే. పెన్‌డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు ఎక్కువగా వచ్చే ఫ్యాట్-32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో ఆ చిట్టా కూడా లేదు. సరిగ్గా జాబితా రాస్తున్న క్షణంలో వైరు ఊడితే, అప్పుడు కాపీ చేసిన ఫైలే కాదు, ఎప్పుడో ఎక్కించినవి కూడా చిక్కుల్లో పడొచ్చు.

విండోస్‌లో సంగతేంటి?

'ఈ డివైస్ వాడకంలో ఉంది' అని విండోస్ కూడా అంటుంది. పేరు చెప్పకపోవడంలో అదీ తక్కువేమీ కాదు. కానీ ఒక చోట మాత్రం గుట్టుగా రాసి పెట్టుకుంటుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో 'కెర్నల్-పీఎన్‌పీ' పేరుతో ఉన్న 225వ నంబరు ఈవెంట్ చూస్తే, డిస్క్‌ను తీయనివ్వకుండా అడ్డుకున్న ప్రోగ్రామ్ పేరు, నంబరు ఉంటాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో డ్రైవ్ అక్షరం టైప్ చేసి వెతికినా దొరుకుతుంది.

విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి యూఎస్‌బీ డిస్క్‌లకు 'క్విక్ రిమూవల్' పద్ధతే సాధారణ సెట్టింగ్ అయింది. రాయాల్సింది మెమరీలో పేరుకోకుండా వెంటనే డిస్క్‌కు పంపేస్తుంది. వేగం కొంత తగ్గినా, పీకేసే అలవాటున్నవాళ్లకు అది మేలే. అయితే కాపీ జరుగుతుండగా పీకితే ఏ సెట్టింగూ కాపాడదు.

ఇంకేమీ పని చేయకపోతే

అన్నీ వెతికినా పట్టుకున్నది ఎవరో తేలకపోతే, కంప్యూటర్‌ను మామూలు పద్ధతిలో షట్‌డౌన్ చేయడం మిగిలిన మార్గం. ఇందులో చిన్నతనమేమీ లేదు. నేటి లినక్స్‌లలో ఎక్కువ వాటిని నడిపే 'సిస్టమ్‌డీ' ఆ సమయంలో చేసేది, ఇప్పటిదాకా చెప్పుకున్న పనినే ఒక క్రమంలో చేయడం. ముందు అందర్నీ మర్యాదగా వెళ్లమంటుంది. సాధారణంగా ఒక్కో సేవకు 90 సెకన్ల దాకా గడువిస్తుంది. తెర మీద 'స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్' అంటూ అంకెలు కదిలేది అప్పుడే. కదలని వాళ్లను తర్వాత బలవంతంగా ఆపుతుంది. ఆపై ఒక్కో డిస్క్‌నూ అన్‌మౌంట్ చేస్తుంది. అప్పటికీ రాని డిస్క్ ఉంటే దాన్ని 'చదవడానికి మాత్రమే' అనే స్థితికి మార్చేస్తుంది, ఇక దాని మీద ఎవరూ ఏమీ రాయకుండా.

ఆ 90 సెకన్లు చూసి విసిగి పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే, ఇదంతా సగంలో ఆగిపోతుంది. తెర ఆరి, డిస్క్ మీది లైటు కూడా ఆరిపోయాక వైరు తీయొచ్చు.